మీకు తెలుసా? పాత ఆటకు కొత్త దారం

యోయో ఆడుతున్న కుర్రాడి బొమ్మ ఒకటి బెర్లిన్ మ్యూజియంలో ఉంది. దాదాపు 2,500 ఏళ్ల కిందట ఓ గ్రీకు చిత్రకారుడు మట్టి గిన్నె మీద వేసిన బొమ్మ అది. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో విప్లవం రేగిన రోజుల్లో అక్కడి దొరబిడ్డల చేతుల్లోనూ ఇదే ఆట. అయితే ఇన్ని వందల ఏళ్లూ అది చేసిన పని ఒకటే, కిందికి దిగడం, పైకి ఎక్కడం. దారాన్ని ఇరుసుకు ముడేసి బిగించేసేవారు మరి!

1928లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో పెడ్రో ఫ్లోరెస్ అనే ఫిలిప్పీన్స్ వలసదారు యోయోల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆయన యోయోలో ముడి లేదు. దారం ఇరుసు చుట్టూ వదులుగా, ఉచ్చులా ఉంటుంది. దాంతో బిళ్ల కిందికి దిగాక అక్కడే గిర్రున తిరుగుతూ నిలబడుతుంది. వేలితో చిన్నగా జాడిస్తే దారం ఇరుసును పట్టుకుని పైకి వచ్చేస్తుంది. ఆ నాలుగైదు క్షణాల వ్యవధే యోయోకు ప్రాణం, విన్యాసాలన్నీ అప్పుడే చేయాలి. ఫ్లోరెస్ వ్యాపారాన్ని కొన్న డొనాల్డ్ డంకన్ అమెరికాను ఊపేశాడు. 1965 వచ్చేసరికి ‘యోయో’ పేరు మీద హక్కు కోర్టులో పోయింది, అదే ఏడాది కంపెనీ దివాలా తీసింది.

ఆ ఆట 1990ల చివర్లో మళ్లీ లేచింది. ఈసారి లోపల క్లచ్ ఉన్న రకం పిల్లల చేతికొచ్చింది. జోరుగా తిరిగేటప్పుడు చిన్న చిన్న బరువులు బయటికి జరిగి ఇరుసును వదిలేస్తాయి. జోరు తగ్గగానే స్ప్రింగులు వాటిని లోపలికి నెట్టి ఇరుసును బిగిస్తాయి. ఇక ఆడేవాడికి చేయి తిరగకపోయినా బిళ్ల దానంతటదే పైకొస్తుంది. 1997లో జపాన్‌లో బండాయ్ కంపెనీ ‘హైపర్ యోయో’ పేరుతో దించిన సరుకు కోసం బడిపిల్లలు ఎగబడ్డారు.

తాత ఆడిన బొమ్మ మనవడి దగ్గరికి వచ్చిందంటే ‘పాత జ్ఞాపకాల మహిమ’ అనేస్తాం. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. జ్ఞాపకం ఉన్నది పర్సు తీసే తండ్రికి. పిల్లాడికి ఎక్కడిది? వాడికి కావలసింది తండ్రికి తెలియని కిటుకు ఏదో ఒకటి. అది లేని బొమ్మ రెండో రోజుకే మంచం కిందికి చేరుతుంది.

బేబ్లేడ్ బొంగరాన్నే చూడండి. జపాన్ పిల్లలు వెనకటికి గవ్వలాంటి సముద్రపు నత్తగుల్లలో ఇసుక నింపి, మైనంతో మూసి, తాడు చుట్టి తిప్పేవారు. తర్వాత అదే ఆకారాన్ని ఇనుముతో పోత పోశారు. దాని పేరు బేగోమా. పీపా మీద గుడ్డ పరిచి, దాని మీదకు బొంగరాలు విసిరి, అవతలివాడి బొంగరాన్ని బయటికి గెంటడమే ఆట. 1999లో తకారా కంపెనీ ఆ గుండెనే తీసుకుని పైన మూడు మార్పులు చేసింది. తాడుకు బదులు పళ్ల పట్టీ లాగే లాంచర్, విప్పి మార్చుకునే భాగాలు, వెనకాల ఓ కార్టూన్ కథ.

మన పల్లెల్లో బొంగరానికి మేకు దగ్గర్నుంచి తాడు ఎంత బిగువుగా చుట్టాలో తెలియడానికి ఓ వేసవి సెలవులు పట్టేది. నేల మీద గీసిన గిరిలో పడున్న బొంగరానికి మేకు దిగితే సొట్ట పడేది, సొట్టలు పడ్డ బొంగరం యజమాని మొహం చూడాలి! లాంచర్ ఆ నేర్పు అంతటినీ ఒక్క లాగుడుకు కుదించింది. టీవీలో కార్టూన్ వచ్చాక మన ఇళ్లలోనూ బేబ్లేడ్లు తిరిగాయి. ఆట కోసం అమ్మే ‘స్టేడియం’ పళ్లెం కొననివాళ్లకు స్టీలు బేసినే గోదా, ఆ చప్పుడుకు మధ్యాహ్నం నిద్ర ఎగిరిపోయిన అమ్మమ్మలు ఎందరో. కంపెనీవాళ్లు దీన్ని 2008లో, 2015లో, 2023లో కొత్త రూపాల్లో మళ్లీ దించారు. అంటే ఏడు నుంచి తొమ్మిదేళ్లకోసారి. పాత పిల్లలకు మీసాలొచ్చేలోపు కొత్త పిల్లలు తయారన్నమాట.

టమగోట్చి గుర్తుందా? గుడ్డంత ప్లాస్టిక్ బొమ్మలో మేత కోసం కుయ్‌కుయ్‌మనే జీవి. జపాన్‌లో 1996 నవంబరులో వచ్చింది. ‘మిలియన్ల కొద్దీ పనిగంటలను లేని జంతువుల పెంపకానికి మళ్లించినందుకు’ దాని సృష్టికర్తలు ఇద్దరికి 1997లో అర్థశాస్త్రంలో ఇగ్‌నోబెల్ ఇచ్చారు, నవ్వులాటకే లెండి. మోజు దిగిపోయాక 2004లో మళ్లీ వచ్చినప్పుడు ఇన్‌ఫ్రారెడ్ తగిలించారు. దాంతో ఒకరి బొమ్మ పక్కవాడి బొమ్మతో స్నేహం చేయసాగింది.

రూబిక్స్ క్యూబ్‌ది వేరే దారి. ఎర్నో రూబిక్ 1974లో బుడాపెస్ట్‌లో తయారుచేశాడు. 1982లో అక్కడే జరిగిన తొలి ప్రపంచ పోటీలో విజేతకు పట్టిన సమయం 22.95 సెకన్లు. ఆ మరుసటి ఏడాదికల్లా మోజు చల్లారింది. రెండో ప్రపంచ పోటీ 2003లో టొరంటోలో, అంటే మధ్యలో 21 ఏళ్ల నిశ్శబ్దం. ఇంటర్నెట్‌లో కిటుకులు పంచుకున్న కుర్రాళ్లే దాన్ని మళ్లీ లేపారు. వదులుగా తిరిగే మరలు, అయస్కాంతాలు ఆ తర్వాత చేరాయి. 2023లో మ్యాక్స్ పార్క్ 3.13 సెకన్లలో చేశాడు.

ఇక దారానికి రెండు కొసలా వేలాడే రెండు గుండ్లు. చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తే టకటకమని కొట్టుకుంటాయి. 1970ల మొదట్లో అమెరికా పిల్లలు వీటి మీద పడ్డారు. గట్టి ప్లాస్టిక్ గుండ్లు పగిలి ముక్కలు ఎగరడంతో ప్రభుత్వం కళ్లెర్ర చేసింది. 1976లో విస్కాన్సిన్ కోర్టుకు వచ్చిన ఓ కేసులో ప్రతివాది మనిషి కాదు, ‘ఒక్కోదాంట్లో ఓ జత గుండ్లున్న సుమారు 50,000 అట్టపెట్టెలు’. కేసు పేరే అది!

2022 చివర్లో ఇండోనేషియాలో ఇదే ఆట ‘లాతో-లాతో’గా వీధివీధినా మోగింది. క్లచ్ లేదు, కార్టూన్ లేదు. ఫోన్ వీడియోలు చాలాయి. అప్పటి దేశాధ్యక్షుడు జోకో విడోడో కూడా జనం మధ్య ఓ చెయ్యి వేసి చూశారు. ఇంతలోనే కొన్నిచోట్ల బళ్లు వీటిని తరగతికి తేవద్దని హుకుం జారీ చేశాయి.