ఏ ప్లాస్టిక్ అతుకుతుంది?

నీళ్ల బిందె అడుగున చీలింది. వీధిలోకి అతుకులు వేసే అతను వచ్చాడు. డబ్బులిచ్చి అతుకు వేయించాం. నాలుగు రోజులకే మళ్లీ కారింది. ఎందుకని? అతని పనిలో లోపమా? ప్రతిసారీ కాదు. ప్లాస్టిక్‌లలో చాలా రకాలున్నాయి. అన్నీ అతుకు పట్టవు.

కరిగేవి, కరగనివి

మైనం వేడికి కరుగుతుంది. చల్లారితే గట్టిపడుతుంది. కోడిగుడ్డు అలా కాదు. ఒకసారి ఉడికితే ఇక కరగదు. ప్లాస్టిక్ కూడా అంతే. బిందెలు, బకెట్లు, మగ్గులు మైనం లాంటివి. వేడితో అతకవచ్చు. కుక్కరు పిడి, మెలమైన్ పళ్లెం గుడ్డు లాంటివి. వేడి చేస్తే మాడిపోతాయి గానీ కరగవు.

అడుగున అంకె చూడండి

సామాను బోర్లించండి. చాలా వాటికి అడుగున మూడు మూలల గుర్తు, అందులో ఒక అంకె ఉంటాయి. ఈ పద్ధతి 1988లో అమెరికాలో మొదలైంది. మన సామాన్ల మీద కూడా కనిపిస్తుంది. అంకెలు నేర్చుకున్నాం కదా, చదువుదాం.

2 : బాగా అతుకుతుంది.
5 : అతుకుతుంది. 2 కంటే కొంచెం ఎక్కువ వేడి కావాలి.
4 : పల్చని సంచులు. కరుగుతాయి, కానీ చిల్లు పడతాయి.
1 : నీళ్ల సీసాలు. వేడికి ముడుచుకుపోతాయి. అతకడం దండగ.
3 : పైపులు. కాల్చకండి. విషపు పొగ వస్తుంది. పైపులకు అమ్మే జిగురు వాడండి.

బిందె, బకెట్ 2 రకమైనా కావచ్చు, 5 రకమైనా కావచ్చు. అందుకే అంకె చూడాలి.

2కు 2, 5కు 5

ఇదే అసలు సంగతి. 2 రకం బిందెకు 5 రకం ముక్క కరిగించి పెడితే పట్టినట్టే ఉంటుంది. తర్వాత ఊడిపోతుంది. బిందెకూ ముక్కకూ అంకె ఒకటే ఉండాలి. అంకె లేదా? ఆ బిందె అంచు నుంచే చిన్న ముక్క కోసి వాడించండి.

జాగ్రత్తలు

చీలికను కడిగి, తుడిచి, బాగా ఆరనివ్వండి. చీలిక చివర సన్నని రంధ్రం చేయిస్తే చీలిక ఇంకా పాకదు. పని ఆరుబయటే చేయించండి. పిల్లలను దూరంగా ఉంచండి. నల్లటి పొగ వస్తే ప్లాస్టిక్ మాడుతోందని అర్థం. ఎండకు పెళుసెక్కిన బకెట్‌కు డబ్బు పెట్టకండి. అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. పురుగుమందు డబ్బాను అతికించినా, కడిగినా నీళ్లకు వాడవద్దు.

ఈసారి అతుకులు వేసే అతను వస్తే ముందే అడగండి: "అన్నా, మా బిందె 2 రకం. నీ దగ్గరున్న ముక్క ఏ రకం?"

చెప్పండి
1. కుక్కరు పిడి ఎందుకు అతకదు?
2. మీ ఇంట్లో బిందె మీద ఏ అంకె ఉంది?