తలుపుకూ ఒక తూము

కిందటేడు టెక్సాస్‌లో మా తమ్ముడింటికి వెళ్ళాను. వాడి దొడ్లో 1951 నాటి షెవర్లే పికప్పు ఉంది. 1947లో వచ్చిన ఆ వరస బండ్ల తలుపులకు, ముందువైపు తెరుచుకునే చిన్న గాజు పెట్టింది ఆ ఏడే.

"వాన పడితే తలుపు గుడగుడమంటుంది అన్నయ్యా" అన్నాడు. ఊపి చూశాను. నిజమే, కడుపులో నీళ్ళు!

గాజు దిగే సందుకు రెండు పక్కలా పట్టీలుంటాయి. గాజు మీది తడిని తుడవడం వాటి పని. ఎండకు బిరుసెక్కి, పెళుసుబారి రాలిపోతున్నాయి. హ్యాండిళ్ళు ఊడదీసి, లోపలి రేకు మూత విప్పి, గాజు దించి, వాటిని పెకలించాం. గాజు జారే గాడిలో ఫెల్టు కూడా మార్చాం. కొత్త ఫెల్టు బిగువుకు గాజు మొరాయించింది. బలవంతపెడితే పగిలేదే! నెమ్మదిగా నాలుగుసార్లు ఎక్కించి దించితే దారికొచ్చింది.

అసలు ముప్పు నావల్లే రాబోయింది. తలుపు అడుగున మట్టి గీకితే చిన్న కంతలు కనిపించాయి. తుప్పు తినేసిందనుకుని లప్పం అందుకున్నాను. తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"అవి కంపెనీవాడు పెట్టినవే. ఎంత కొత్త పట్టీ వేసినా కాస్త నీరు దిగుతుంది. పోవడానికి దారి వద్దూ?"

చెరువుకు తూములాంటివన్నమాట! అవి పూడబట్టే రేకు లోపలినుంచి తుప్పు పడుతోంది. పట్టీలు కొత్తవేసి, కంతలు మూసి, నేను మురిసిపోయేవాణ్ణి. తలుపు అడుగు మాత్రం ఊడి చేతికొచ్చేది.

తీగముక్కతో ఒక్కొక్కటే పొడిచాను. ఎర్రటి నీరు చెంబెడు కారింది.