పరీక్షనాళికలో పుట్టే అద్దం

మాది యానాం. పుదుచ్చేరికి వచ్చాక పిళ్ళైచావడిలోనే కాపురం, ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. “మాస్టారూ, అద్దం మనమే చేసుకోవచ్చా?” అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. టోలెన్స్ పరీక్ష అంటే అదేనమ్మా మరి!

సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో రెండు చుక్కలు కాస్టిక్ సోడా వేస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది. అది కరిగి ద్రవం తేటపడేదాకా అమోనియా చుక్కచుక్కగా కలపాలి. తర్వాత గ్లూకోజ్ వేసి, నాళికను వేడినీళ్ళలో నిలబెట్టాలి. ద్రవం ముందు నల్లబడుతుంది. పాడైపోయిందనుకునేలోపే గాజు లోపలివైపు వెండి తళుక్కుమంటుంది. 1835లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ చూపిన దారి ఇది. నాళికలో వేలిముద్ర జిడ్డు ఉందా, అక్కడ వెండి అంటదు. అందుకే కడగడానికే సగం పొద్దు పోతుంది. ఒక్క హెచ్చరిక: మిగిలిన ద్రవాన్ని దాచకూడదు, నిలవుంటే పేలే పదార్థం తయారవుతుంది. కళ్ళజోడు, చేతి తొడుగులు, పక్కన మాస్టారు లేకుండా దీని జోలికి పోవద్దు.

అద్దంలాగే సున్నం గోడ కూడా తన మీద పడ్డ వెలుగులో చాలా భాగం వెనక్కి పంపేస్తుంది. మరి మొహం కనపడదేం? గోడ గరుకు, కిరణాలు తలో దిక్కు పోతాయి. గాజు నున్నన, దాన్ని అంటుకున్న వెండీ అంతే నున్నన. క్యారమ్ బోర్డు అంచుకు తగిలిన స్ట్రైకర్‌లా ప్రతి కిరణం వచ్చిన కోణంలోనే తిరిగిపోతుంది. వరస చెదరదు, బొమ్మ నిలుస్తుంది. కిరణాన్ని తిప్పికొట్టేది వెండిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు.

వరసను కావాలని ఒకచోటికి వంచితే ఏమవుతుందో మాకు దగ్గర్లోని ఆరోవిల్‌లో చూడొచ్చు. అక్కడి సోలార్ కిచెన్ మీద 15 మీటర్ల వ్యాసం గల పెద్ద గిన్నె ఉంది, లోపలంతా వేలాది అద్దం ముక్కలు. గిన్నె కదలదు. గోళాకారం కాబట్టి వెలుగు ఒక్క బిందువులో కాక ఒక గీత వెంట పోగవుతుంది. సూర్యుడితోపాటు ఆ గీతా జరుగుతుంటే, నీటిని ఆవిరి చేసే గొట్టం దాన్ని వెంబడిస్తుంది. ఆ ఆవిరితో వంట! నాకైతే ఏ టెలిస్కోపు అద్దం కన్నా ఇదే ముద్దు.

మా పిళ్ళైచావడిలో అద్దాలకు శత్రువు ఉప్పుగాలి. వెనక రంగు పూత లేచిన అంచు నుంచే నల్లమచ్చలు మొదలవుతాయి. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు అద్దం కొనేటప్పుడు వెనక్కి తిప్పి, రంగు అంచులదాకా పట్టిందో లేదో చూసుకోండి.