రూతుకు చోటున్న చేను

పరాయి చేలో పరిగె ఏరుకుని అత్తను పోషించిన మోయాబు కోడలి కథ ఇది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల సంఘాల్లో కోతల పండుగ వచ్చిందంటే రూతు పేరు వినబడుతుంది. ఆమె ఓర్పును ఏటా మెచ్చుకుంటున్నాం. ఆమెకు చోటిచ్చిన చేను గురించి, ఆమెను తనదనుకున్న ఊరి గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటున్నాం.

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి కోతలంటే మార్గశిరం, పుష్యం. పైరు కోతకు రాకముందే చేలో మినుములు చల్లుతారు. పనలెత్తి కుప్ప వేసేసరికి మోళ్ల మధ్య మినుము మొలకలు పచ్చగా లేచి ఉంటాయి. దేశంలో ఎన్నో ఇళ్లలో ఉడికే సాంబ మసూరి, రైతులు బీపీటీ 5204 అని పిలిచే వంగడం, 1986లో ఈ బాపట్ల నుంచే విడుదలైంది. ఈ నేల మీద బతికేవారు రూతు గ్రంథం తెరిస్తే అన్నీ తెలిసిన సంగతులే కనిపిస్తాయి. కరువు, వలస, కోత కూలీలు, వాళ్ల మీద మేస్త్రి, కళ్లంలో ధాన్యం రాశి పక్కనే రాత్రి పడుకునే రైతు. యవలకు బదులు వరి అనుకుంటే చాలు.

ఇక్కడి సంఘాలు పుట్టింది కూడా పొలం పని చేసుకునేవారి మధ్యనే. 1842 జూలై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు చేరడంతో అమెరికన్ లూథరన్ మిషన్ పని మొదలైంది. తర్వాతి కాలంలో తెనాలి, రేపల్లె ఆ మిషన్‌కు కేంద్రాలయ్యాయి. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీవారు పనిచేశారు. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. ఈ సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది భూమి లేని దళిత కుటుంబాలవారు. కోతల పండుగనాడు వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, కోడిగుడ్లు చర్చికి తెచ్చి వేలం వేస్తారు. సెంటు భూమి లేనివాళ్లు కూడా కూలి డబ్బుల్లోంచి కానుక తీసి తెస్తారు.

అద్భుతం లేని గ్రంథం

రూతు గ్రంథం చిన్నది. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. బేత్లెహేములో కరువొచ్చి ఎలీమెలెకు, అతని భార్య నయోమి, ఇద్దరు కొడుకులు మోయాబు దేశానికి వలస పోతారు. అక్కడ ఎలీమెలెకు చనిపోతాడు. కొడుకులు మహ్లోను, కిల్యోను మోయాబు అమ్మాయిలను పెళ్లాడతారు. సుమారు పదేళ్లకు ఆ ఇద్దరూ పోతారు. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు మిగులుతారు. సొంత ఊళ్లో పంటలు పండాయని విని నయోమి తిరుగు ప్రయాణమవుతుంది. పెద్ద దిక్కు లేని తన వెంట రావద్దని కోడళ్లను వేడుకుంటుంది. ఓర్పా ఏడుస్తూ పుట్టింటికి వెళ్తుంది. రూతు అత్తను వదలదు.

ఈ గ్రంథంలో సముద్రం చీలదు, చనిపోయినవాళ్లు లేవరు. ఏ ప్రవక్తా రాడు, పరలోకం నుంచి స్వరమూ వినబడదు. ఒక పూట తిండి, ఒక రోజు కూలి, ఒక రైతు మంచితనం, ఒక ఊరి పంచాయితీ, వీటి మీదే కథంతా నడుస్తుంది. దేవుడి దయ ఆ మనుషుల చేతుల మీదుగానే నయోమి ఇంటికి చేరుతుంది. రోజువారీ విశ్వాసానికి బైబిల్లో ఇంతకంటే దగ్గరి కథ నాకు కనబడదు.

వెంట వచ్చిన మనిషి

రూతు ప్రసంగాల్లో ఓర్పాను తప్పుపట్టడం మామూలైపోయింది. గ్రంథం మాత్రం ఆమెను ఒక్క మాట అనలేదు. నయోమి ఆమెను దీవించి పంపింది. వెళ్లిపోయే హక్కు రూతుకూ ఉంది. ఆ హక్కు ఉండి కూడా ఉండిపోయింది కాబట్టే ఆమె ప్రేమకు అంత విలువ. భయపెట్టో, పరువు పేరు చెప్పో కోడలి చేత చేయించుకునే చాకిరీకి రూతు పేరు పెట్టకూడదు.

ఇంకో సంగతి. అత్తను చూసుకునే బరువు గ్రంథం చివరిదాకా రూతు ఒక్కదాని మీదే ఉండదు. చేను గల బోయజు కలుగజేసుకుంటాడు, ఊరి పెద్దలు సాక్షులవుతారు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు నయోమి ఇంట సంతోషానికి తోడవుతారు. ఇవాళ మన ఊళ్లలో ఎన్నో ఇళ్లు వృద్ధుల మీదే నడుస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ఆ ఇళ్ల తలుపు తట్టి, మందులు తెచ్చిపెట్టి, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి కావాలి. ఆ పని కోడలిదే అనుకుంటే రూతును సగమే చదివినట్టు. కొడుకుది కూడా, సంఘానిది కూడా.

నయోమి చేదు మాట

బేత్లెహేము చేరిన నయోమిని ఊరి ఆడవాళ్లు గుర్తుపట్టి పలకరిస్తారు. ఆమె లోపలి దుఃఖమంతా కక్కేస్తుంది. దేవుడే తనకు చేదు మిగిల్చాడంటుంది. నిండుగా వెళ్లి వట్టి చేతులతో వచ్చానంటుంది. పక్కనే నిలబడిన రూతు కూడా ఆ క్షణాన ఆమె కళ్లకు ఆనదు. ఆ మాటలకు ఎవరూ ఆమెను గద్దించరు. నీ విశ్వాసం తక్కువ కాబట్టే ఇలా జరిగిందని ఎవరూ అనరు. దేవుడు కూడా శిక్షించడు.

తుపాను తీరాన బతికే మనకు ఈ మౌనం చాలా నేర్పుతుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేలమందిని మింగింది. కృష్ణకు ఇవతలి ఒడ్డున రేపల్లె ప్రాంతపు పాతతరం ఆ రాత్రిని మరచిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. కౌలు రైతుకు పంట పోయినా కౌలు, అప్పు పోవు. అలాంటి ఇంటికి వెళ్లి, ప్రార్థన చాలలేదని చెప్పడం పాపం. పక్కన కూర్చుని వినాలి. నష్టపరిహారం జాబితాలో పేరుందో లేదో కనుక్కోవాలి. ఏడ్చే మనిషి దేవుణ్ణి నిలదీస్తే, ఆ నిలదీయడం కూడా ప్రార్థనే.

పరిగె ఏరిన చేతులు

రూతు ఊరు చేరాక పని వెదుక్కుంటుంది. కోసేవారి వెనక పరిగె ఏరుకుంటానని అత్తను అడిగి వెళ్తుంది. ధర్మశాస్త్రం అప్పటికే ఆ దారి తెరిచి ఉంచింది. చేను అంచులు పూర్తిగా కోయకూడదు, రాలిన కంకులు ఏరుకోకూడదు, చేలో మరచిన పన కోసం వెనక్కి పోకూడదు. అవి బీదవారికి, పరదేశులకు, తండ్రి లేని పిల్లలకు, భర్త పోయిన ఆడవాళ్లకు చెందుతాయని లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం చెబుతాయి. అది రైతు వేసే భిక్ష కిందికి రాదు. పంటలో దేవుడు రాసిపెట్టిన వాటా.

రూతు సాయంత్రం దాకా ఏరి, దుల్లగొడితే 20 లీటర్లకు పైగా పట్టే కొలత యవలు వచ్చాయి. మధ్యాహ్నం తనకు పెట్టిన పేలాల్లో మిగిలినవి కూడా దాచి అత్తకు తెచ్చింది. మన పల్లెల్లో కూలికి వెళ్లిన తల్లులు తమకిచ్చిన పలహారం కొంగున కట్టుకుని పిల్లలకు తెచ్చిన రోజులు చాలామందికి గుర్తే. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి సంఘానికి పక్కనపెట్టే అలవాటు కూడా అలాంటి చేతులదే.

డెల్టాలో పరిగె ఏరుకునే చోటు ఇప్పుడు కుంచించుకుపోయింది. కోత మిషను దిగితే కోత, నూర్పిడి గంటల్లో అయిపోతాయి. ఏరుకోవడానికి కంకులు మిగలవు. గింజల రూపంలో వచ్చే కుప్పనూర్పిడి కూలి పోయింది. రేపల్లె, నిజాంపట్నం వైపు మాగాణి చాలాచోట్ల రొయ్యల చెరువులుగా మారింది. వరి చేలో నాట్లు, కలుపు, కోతలకు ఆడవాళ్లకు దొరికినంత పని చెరువు దగ్గర దొరకదు. రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఖర్చులు పెరిగి, కూలీలు దొరకక ఆయనా నలుగుతున్నాడు. అయితే ఈ కాలానికి చేను అంచు ఎక్కడుందో దేవుణ్ణి నమ్మేవాళ్లు వెదకాలి. దుకాణం ఉన్నవారికి, బడి నడిపేవారికి, రొయ్యల షెడ్డు ఉన్నవారికి, నెల జీతం తీసుకునేవారికి కూడా ఒక అంచు ఉంటుంది. ఆదాయమంతా తన కోసమే కోసుకోకుండా ఆపిన చోటే ఆ అంచు.

బోయజు ఎవరికి ఆజ్ఞ ఇచ్చాడు?

రూతు పరిగె ఏరుతున్నది బోయజు చేలో. అతను చేలోకి వస్తూనే కూలీలను దేవుడి పేరుతో పలకరిస్తాడు. కొత్తగా కనిపించిన ఆడమనిషి ఎవరని మేస్త్రిని అడుగుతాడు. ఆమెను వేరే చేలకు వెళ్లవద్దని, తన పనికత్తెల వెంటే ఉండమని చెబుతాడు. ఆమె జోలికి పోవద్దని మగ కూలీలకు ఆజ్ఞ ఇస్తాడు. ఇంకో చేలో అయితే ఆమెకు కీడు జరగవచ్చని నయోమి కూడా తర్వాత అంటుంది. అంటే ఒంటరి ఆడది చేలో ఎదుర్కొనే ప్రమాదాన్ని బైబిలు దాచలేదు. జాగ్రత్తగా మసులుకోమని ఆడవాళ్లకు బోధించి ఊరుకోవడం తేలిక. బోయజు తన కింద పనిచేసే మగవాళ్లను అదుపులో పెట్టాడు.

ఆ తర్వాత నీళ్లు. మగవాళ్లు తోడిన కుండల్లోంచే తాగమన్నాడు. అన్నం వేళ కూలీల పక్కన కూర్చోబెట్టి, పేలాలు తానే అందించాడు. పనల మధ్య ఏరుకున్నా ఆమెను సిగ్గుపరచవద్దని, కావాలనే కొన్ని కంకులు వదలమని కూలీలకు చెప్పాడు.

ఆ నీటి కుండ దగ్గర మన ప్రాంతం కొంచెం ఆగి ఆలోచించాలి. 1985 జూలైలో కారంచేడులో గొడవ రేగింది తాగునీటి చెరువు దగ్గరే. జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతమయ్యారు. ఆ ఏడాదే దళిత మహాసభ ఏర్పడింది. 1991 ఆగస్టు 6న తెనాలికి దగ్గరలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఈ రెండు ఊళ్లూ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకే వచ్చాయి. ఈ నేల మీద రూతు కథ చెబుతూ ఆ ఊళ్ల పేర్లు పలకకపోతే కథ సగమే చెప్పినట్టు. భర్తలను పోగొట్టుకున్న నయోమిలు, రూతులు మన పక్క ఊళ్లోనే ఉన్నారు.

ఊరి గుమ్మంలో పదిమంది

నాలుగో అధ్యాయంలో కథ ఊరి గుమ్మానికి చేరుతుంది. బోయజు పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, నయోమి కుటుంబపు భూమి సంగతి, రూతు సంగతి నలుగురి ముందు తేలుస్తాడు. చీకట్లో కళ్లంలో తనను ఆశ్రయించిన స్త్రీకి ఇచ్చిన మాటను పట్టపగలు బహిరంగంగా నిలబెట్టుకుంటాడు. మోయాబీయులను సమాజంలో చేర్చకూడదని ద్వితీయోపదేశకాండంలో ఉంది. అయినా ఆ పెద్దలు మోయాబీయురాలైన రూతును దీవించారు. బోయజుకు, ఆమెకు పుట్టిన కొడుకు ఓబేదు, అతని కొడుకు యెష్షయి, యెష్షయి కొడుకు దావీదు. మత్తయి సువార్త యేసు వంశావళిలో రూతు పేరు రాసింది. బోయజు తల్లి రాహాబు అని కూడా అక్కడే ఉంది; ఆమెను యెరికోకు చెందిన రాహాబుగా చెబుతారు. పరాయిదాని కడుపున పుట్టినవాడికి పరాయిదాని కష్టం తెలిసింది.

యూదులు ఈ గ్రంథాన్ని గోధుమ కోతల కాలపు షావుఓత్ పండుగకు చదువుతారు. మనకు దగ్గర్లోనే, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, బెనే ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. ఒకే కథను ఇన్ని గుమ్మాల్లో చదువుకుంటున్నాం. వినవలసింది ఒకటే. పరాయివారిని చేర్చుకున్న ఊళ్లోనే దావీదు పుట్టాడు.

మన సంఘాల్లో ఆ గుమ్మం ఎలా ఉంది? ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడుగుతున్నారు. మాల సంఘం, మాదిగ సంఘం అనే మాట ఇంకా వినబడుతోంది. నాట్లకు బెంగాల్, బీహార్ నుంచి వచ్చే కూలీలు ఆదివారం పూట మన చర్చి గేటు ముందు నుంచే నడిచి వెళ్తారు. వాళ్ల పేరు అడిగినవారెందరు?

ఈ కోతల పండుగకు

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. కూలి పొద్దుగుంకేలోగా ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం చెప్పింది, అది చేద్దాం. ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమాన వేతనమని 1976లోనే దేశం చట్టం చేసింది, మన చేలో అమలు చేద్దాం. పనిచోట తాగునీళ్లు, మరుగుదొడ్డి పెడదాం. ఆడవాళ్ల జోలికి వెళ్లేవాడు తన మనిషైనా వెనకేసుకు రావద్దు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద పొలం కూలీ కూడా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని స్త్రీల సమాజం కూడికలో చెబుదాం. పండుగ వేలం డబ్బులో ఒక భాగం ఒంటరి స్త్రీలకు, పంట మునిగిన కౌలు రైతులకు కేటాయిద్దాం.

పాస్టరుగార్లకు, సంఘపెద్దలకు ఒక విన్నపం. ఈసారి రూతు మీద ప్రసంగం చేసేటప్పుడు, రూతులా ఉండమని అమ్మాయిలకు చెప్పే ముందు, బోయజులా ఉండమని చేను గలవారికి, బేత్లెహేము పెద్దల్లా నిలబడమని ఊరి పెద్దలకు చెప్పండి. మన మధ్య రూతులకు కొదవ లేదు. వాళ్లకు చోటిచ్చే చేలు పెరగాలి.