నాళం దాటని బుడగ

అల్ట్రాసౌండ్ స్కానింగ్ తెర మీద రక్తం దాదాపు నల్లగా ఉంటుంది. ధ్వనిని వెనక్కి పంపడం రక్తకణాలకు అంతగా చేతకాదు. వాయువుకు మాత్రం అది వెన్నతో పెట్టిన విద్య. గ్రామియాక్, షా అనే వైద్యులు 1968లో అమెరికాలో ఈ సంగతి బయటపెట్టారు. గుండె దగ్గర ఇంజెక్షన్ ఇస్తుంటే, మందుతోపాటు దూరిన చిన్న బుడగలు తెరను మెరిపించాయి.

ఇప్పుడు ఆ బుడగలను పనిగట్టుకుని తయారుచేస్తున్నారు. చాలావరకు 1 నుంచి 4 మైక్రాన్లు ఉంటాయి. ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి కాబట్టి ఊపిరితిత్తుల సన్నని నాళాల్లోనూ ఇరుక్కోవు. పైన పలచని కొవ్వు పొర, లోపల రక్తంలో తొందరగా కరగని సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ లాంటి వాయువు. చివరికి అది ఊపిరితో బయటికి పోతుంది. ధ్వని తాకితే బుడగ ఉబ్బి ముడుచుకుంటుంది. ఉబ్బినంత సులువుగా ముడుచుకోదు. ఆ తేడా వల్ల దాని ప్రతిధ్వనిని యంత్రం గుర్తుపడుతుంది.

అంత చిన్నదైనా బుడగ రక్తనాళం దాటి బయటికి రాలేదు. మందుకైతే ఇది లోపం. ఇక్కడ మాత్రం ఇదే బలం: మెరుపు ఎక్కడ కనిపించినా అది నాళంలోదే.

ఈ బలం క్యాన్సర్ విషయంలో పనికొస్తుంది. క్యాన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలని వైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో వాదించారు. ఆ కొత్త నాళాల లోపలి గోడ మీద వీఈజీఎఫ్ఆర్-2 అనే గ్రాహకం ఎక్కువగా ఉంటుంది. దాన్ని పట్టుకునే పెప్టైడ్‌ను బుడగ పొరకు తగిలిస్తే, చీరంచుకు ఉత్తరేణి గింజ అంటుకున్నట్టు గోడకు అంటుకుంటుంది. అంటుకోవడం మాటలు కాదు; రక్తప్రవాహం దాన్ని ఊడలాగుతూనే ఉంటుంది. అంటనివి చాలావరకు తొలగిపోయేదాకా కొన్ని నిమిషాలు ఆగి చిత్రం తీస్తారు. తర్వాత గట్టి ధ్వనితో అక్కడి బుడగలను పగలగొట్టి, ఇంకా రక్తంలో తిరుగుతున్నవి వచ్చాక మళ్లీ తీస్తారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే గోడను పట్టుకున్నవాటి లెక్క తేలుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది ఈ తీసివేతే.

బీఆర్55 అనే ఇలాంటి బుడగను రొమ్ము, అండాశయ గడ్డలున్న 45 మంది మహిళల్లో పరీక్షించిన ఫలితాలు 2017లో వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో 93 శాతం బలంగా మెరిశాయి. హానిలేని రొమ్ము గడ్డల్లో మెరుపు లేనివి 67 శాతమే. కాబట్టి బయాప్సీ అవసరం తీరిపోలేదు.

గుండె విషయంలో ఆశ మరో రకం. కాసేపు రక్తం అందక మళ్లీ తేరుకున్న గుండె కండరంలో, నాళాల గోడ మీద పి-సెలెక్టిన్ అనే ప్రొటీన్ కొన్ని గంటలపాటు నిలుస్తుంది. దాన్ని పట్టే బుడగలతో, రక్తప్రసారం మామూలుగా మారాక కూడా దెబ్బతిన్న చోటును జంతువుల్లో గుర్తించగలిగారు.