లవణ మాధుర్యాల మైత్రి

వేసవి ప్రవేశించగానే నూజివీడు ప్రాంతం మామిడిపండ్ల పరిమళంతో నిండిపోతుంది. పూర్వం కృష్ణా జిల్లాలో ఉండి, 2022లో ఏలూరు జిల్లాలో చేరిన ఈ సీమకు చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి మొదలైన రకాలు ప్రఖ్యాతిని తెచ్చిపెట్టాయి. ఇక్కడి ఇళ్లలో భోజనం చివర ఉప్పు కలిపిన పెరుగన్నంలోకి మామిడిపండును నంజుకుంటారు. ఉప్పనికీ తియ్యనికీ పొత్తు ఎలా కుదిరిందని కొత్తవారు ఆశ్చర్యపడవచ్చు. ఉగాది పచ్చడిలో ఉప్పునూ బెల్లాన్నీ ఒకే పాత్రలో కలిపే తెలుగువారికి ఇది వింత కాదు.

ఈ పొత్తుకు శాస్త్రీయమైన కారణం ఉంది. బ్రెస్లిన్, బోషాంప్ అనే శాస్త్రవేత్తలు 1997లో ‘నేచర్’ పత్రికలో తమ పరిశోధనను ప్రకటించారు. చేదూ తీపీ కలిసిన ద్రావణానికి సోడియం లవణాన్ని చేర్చినప్పుడు చేదు అణగిపోయి, దాని చాటున ఉన్న తీపి స్ఫుటమైనట్లు వారు గమనించారు. అనగా ఉప్పు తీపికి శత్రువు కాదు. తీపిని మరుగుపరచే చేదును తొలగించే మిత్రుడు. అయితే చిటికెడు ఉప్పు చేసే మేలును పిడికెడు ఉప్పు చేయలేదు.

ఉప్పని పాలపదార్థంతో పండును తినే ఆచారం మన దేశానికే పరిమితం కాదు. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపవాసులు వేసవిలో ‘హలూమి’ అనే చీజ్‌ను పుచ్చకాయ ముక్కలతో ఆరగిస్తారు. ఉప్పునీటిలో నిల్వచేసే ఈ పదార్థం పెనం మీద కరగక, బంగారు వన్నెకు తిరుగుతుంది. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినట్లే, హలూమి అనే పేరుకు 2021లో ఐరోపా సమాఖ్య రక్షణ కల్పించింది.

మన వంటింట హలూమి స్థానాన్ని పనీరు భర్తీ చేయగలదు. నిమ్మరసంతో విరగగొట్టిన పాల నుండి చేసే పనీరు కూడా వేడికి కరగదు. కాని అందులో ఉప్పు ఉండదు. కాబట్టి ముక్కలను గోరువెచ్చని ఉప్పునీటిలో పావుగంట నానబెట్టి, తడి ఒత్తి, కొద్ది నూనెలో రెండువైపులా ఎర్రగా వేయించాలి. తడి మిగిలితే ముక్క వేగడానికి బదులు ఉడుకుతుంది. వేడి పనీరు ముక్క పక్కన చల్లని బంగినపల్లి ముక్కను ఉంచి, మిరియాల పొడి, నిమ్మరసం చల్లితే అతిథికి అందించే తొలి వంటకం సిద్ధమవుతుంది. పీచులేని గట్టి కండ గలది కనుక ముక్కలకు బంగినపల్లియే తగినది.

మరి రసాల మాట ఏమిటి? అవి కోసుకొనే పండ్లు కావు; పిసికి, జుర్రుకొనే పండ్లు. మెత్తని ఆ పండ్లు దూరప్రయాణానికి ఓర్వలేవు. బంగినపల్లి పెట్టెలకెక్కి దూరదేశాల అంగళ్లకు చేరగలదు. రసాలకు మాత్రం సమీపంలోని ఇంటి విస్తరే ప్రధానమైన ఆశ్రయం. పెరుగన్నంలో రసం పిండుకొనే అలవాటు సన్నగిల్లితే, ఆ చెట్టును తోటలో నిలుపుకోవడానికి రైతుకు గల కారణమూ సన్నగిల్లుతుంది. కొత్త రుచులను ఆహ్వానించవలసినదే. వాటికి మూలమైన సూత్రం మన విస్తరిలో ఏనాడో ఉన్నదని గుర్తించి, ఆ అలవాటును కాపాడుకొన్నప్పుడే తోటలో వైవిధ్యం నిలుస్తుంది.