తేనెటీగలకు రక్షణ

తేనెటీగ పువ్వునుండి పువ్వునకు ఎగురుచు, తన పట్టు కొఱకు మకరందమును సేకరించును. ఆ ప్రయత్నములోనే ఒక పువ్వులోని పుప్పొడిని మఱియొక పువ్వునకు చేర్చును. ఈ పరాగసంపర్కము వలన కాయ నిండును, గింజ గట్టిపడును. పొద్దుతిరుగుడు, ఆవాలు, గుమ్మడి, దోస మొదలగు పైరులకు తేనెటీగలును, తుమ్మెదలును చేయు మేలు వెలకట్టరానిది.

అయితే పైరును తినివేయు పురుగులును కలవు. వానిని చంపుటకు రైతు మందు వాడవలసి వచ్చును. పూర్వము పొగాకు కషాయమును చల్లుట రైతులెఱిగిన పద్ధతియే. పొగాకులోని నికోటిన్ పురుగుల నరములను దెబ్బతీయును. దానిని పోలిన కృత్రిమ రసాయనములు 1990వ దశకమున వాడుకలోనికి వచ్చినవి. వీనికి నియోనికోటినాయిడ్లు అని పేరు. వీనిని విత్తనములకే పట్టింపవచ్చును. మొక్క పెరుగునపుడు మందు వేరునుండి కాండమునకును, ఆకునకును ప్రాకును. ఆ ఆకును కొఱికిన పురుగు చచ్చును. మాటిమాటికి చల్లు శ్రమ తగ్గుటచే రైతులు దీనిని మేలైన మందుగా నెంచిరి.

కాని ఆకునకు ప్రాకిన మందు పువ్వునకు ప్రాకకుండునా? పుప్పొడిలోను, మకరందములోను గూడ అది స్వల్పముగా చేరును. పొద్దుతిరుగుడు చేలకు పోయిన తేనెటీగలు తిరిగి వచ్చుట లేదని ఫ్రాన్సు దేశమున తేనెటీగల పెంపకందార్లు మొఱపెట్టుకొనిరి. 1999లో ఆ ప్రభుత్వము పొద్దుతిరుగుడు విత్తనములకు ఇమిడాక్లోప్రిడ్ అను మందును పట్టించుటను నిలిపివేసినది. 2008లో జర్మనీ నైరృతి భాగమున మొక్కజొన్న విత్తునపుడు, విత్తనములనుండి రాలిన మందుపొడి గాలికి లేచి చుట్టుప్రక్కల పూలపై పడెను. వేలకొలది తేనెపెట్టెలలోని ఈగలు దెబ్బతినెను.

జర్మనీలో సంభవించినది కంటి కగపడు మరణము. ఫ్రాన్సువారి ఫిర్యాదు అట్టిది కాదు. ఆనాటి పరీక్షలు, మందు తగిలిన ఈగ కొలది దినములలో చచ్చునా, బ్రదుకునా అని మాత్రమే ఎక్కువగా చూచెడివి. ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు వేఱొక ప్రశ్న వేసిరి. తేనెటీగల వీపులపై చిన్న గుర్తుబిళ్ళల నంటించి, కొన్నింటికి ప్రాణము తీయని మోతాదులో మందు కలిపిన తీపినీటిని త్రాగించి, దూరమున విడిచిరి. మందు త్రాగినవానిలో ఇల్లు చేరనివి ఎక్కువగా నుండెను. 2012లో ఈ ఫలితము వెల్లడియైనది. దారి మఱచిన తేనెటీగ చచ్చినదానితో సమానమే. ఏలయన, పట్టును విడిచి అది ఒంటరిగా చిరకాలము జీవింపజాలదు.

2013లో ఐరోపా సమాఖ్య ఇట్టి మూడు మందుల వాడుకను, తేనెటీగలు వ్రాలు పైరులపై చాల వఱకు నిషేధించినది. 2018లో ఆరుబయట వానిని వాడుటనే మాన్పించినది. దీనివలన రైతులకు కష్టము కలుగకపోలేదు. 2020లో ఫ్రాన్సున పేనుబంక మూలమున బీటుదుంప పైరు పచ్చబారి, దిగుబడి తగ్గెను. అంతట ఆ దేశము ఆ పైరునకు తాత్కాలికముగా అనుమతి నిచ్చెను. నిషేధింపబడిన మందును విత్తనములకు పట్టించుటకు అట్టి అనుమతులు చెల్లవని 2023లో ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పినది. కావున చట్టము తేనెటీగను కాపాడుటతోపాటు, రైతునకు వేఱొక ఉపాయమును చూపుటయు నవసరమే.

భారతదేశమున 1968 నాటి చట్టము ననుసరించి, నమోదు కాని పురుగుమందును అమ్మరాదు. ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చట ప్రత్తి మొదలగు పైరులకు నేటికిని వాడుకలో నున్నది. చట్టము మందును అనుమతించినను, దానిని ఎప్పుడు చల్లవలెనో నిర్ణయించువాడు రైతే. పూతకాలమున మందు చల్లకుండుట, తప్పనిసరియైనచో ఈగలు గూటికి చేరిన పిమ్మట సాయంకాలమున చల్లుట, పొరుగున తేనెపెట్టెలు గలవారికి ముందుగా తెలుపుట ఖర్చులేని పనులు. పైరును తిను పురుగునకును, పైరును పండించు పురుగునకును గల భేదము మందునకు తెలియదు. దాని నెఱిగి నడచుకొనవలసినవాడు మానవుడే.